బొంతయ్య కట్టెల వంతు

అనగనగా ఒక కొండల అడవి. మన ఊళ్ళో చలి వేస్తే ఒక దుప్పటి కప్పుకుంటాం, సరిపోతుంది. ఆ అడవిలో చలి అలాంటిది కాదు పిల్లలూ. పుష్యమాసం వచ్చిందంటే తెల్లారేసరికి గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టు పేరుకుంటుంది. వాగు నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమంటాయి. కోకిల నోరు తెరిస్తే పాట రాదు, ఆవిరి వస్తుంది!

అందుకని అక్కడి జంతువులన్నీ కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నాయి. చలి ముదిరిన నెల రోజులూ ముసలివాళ్ళు, బాలింతలు, పసిపిల్లలు కొండ కిందున్న పెద్దగుహలోకి వచ్చి ఉంటారు. గుహ మధ్యలో నెగడు మండుతూ ఉంటుంది. దాని చుట్టూ చేరి అందరూ వెచ్చగా పడుకుంటారు. ఆ నెగడుకు కట్టెలు సమకూర్చే పని ఏడాదికి ఒకరిది. దాన్ని 'కట్టెల వంతు' అనేవారు.

ఒక ఏడు ఆ వంతు సూదమ్మ చేసింది. సూదమ్మ అంటే ముళ్ళపంది. వయసులో పెద్దది. ఒంటినిండా ముళ్ళున్నా మనసు మాత్రం మెత్తన. ఆ ఏడు నెగడు ఒక్క పూట కూడా ఆరలేదు. చలి తగ్గి అందరూ ఇళ్ళకు వెళ్ళే రోజున తాబేలు తాత డిప్పయ్య గుహ ముందు సభ పెట్టాడు.

"వచ్చే ఏటికి కట్టెల వంతు ఎవరు తీసుకుంటారర్రా?" అని అడిగాడు.

ఆ మాట పూర్తి కాకముందే ఒక పెద్ద నల్లటి చెయ్యి పైకి లేచింది.

"నేను! నేను తాతా!"

అది ఎలుగుబంటి బొంతయ్య చెయ్యి. బొంతలాంటి జుట్టు ఉండేది కాబట్టి వాళ్ళమ్మ అతనికి ఆ పేరు పెట్టింది. అడవి మొత్తం మీద బొంతయ్యంత బలం ఉన్నవాడు లేడు. నలుగురు కదపలేని బండను ఒక్కడే దొర్లించేవాడు. మనసు కూడా మంచిదే. కానీ అతనికి ఒక చిన్న బలహీనత ఉంది. నలుగురూ "ఆహా!" అంటే ఒళ్ళు మరిచిపోయేవాడు.

"సూదమ్మత్త ఏడాదంతా పుల్ల పుల్లా ఏరింది," అన్నాడు బొంతయ్య ఛాతీ విరుచుకుని. "నాకు రెండే రెండు రోజులు చాలు. గుహకన్నా ఎత్తు గుట్ట పోస్తాను, చూడండి!"

"ఆహా!" అన్నాయి కోతులు.

సూదమ్మ నవ్వి ఊరుకుంది.

ఫాల్గుణమాసం వచ్చింది. చెట్లన్నీ ఆకులు రాల్చేసి బోసిగా నిలబడ్డాయి. ఒకరోజు పెద్ద గాలి వీచి వాగు అవతల నాలుగైదు మద్దిచెట్లు పడిపోయాయి. సూదమ్మ అది చూసి నేరుగా బొంతయ్య దగ్గరికి వెళ్ళింది. అతను ఇప్పచెట్టు కింద కూర్చుని, రాలిన పూలు గుప్పిళ్ళతో నోట్లో వేసుకుంటున్నాడు.

"అల్లుడూ, వాగు అవతల చెట్లు పడ్డాయి. ఆకు రాలిన కాలం కదా, ఇప్పుడు మానులో చెమ్మ తక్కువ. ఇప్పుడే నరికి పెట్టుకో. చలికాలానికి చక్కగా ఎండుతాయి."

"చలికాలమా? ఇంకా పది నెలలుంది అత్తా! ఇదిగో, ఈ పూలు తిను. తేనెలా ఉన్నాయి."

సూదమ్మ రెండు పూలు తిని వెళ్ళిపోయింది.

ఎండలు ముదిరాయి. బండలు పెనంలా కాలుతున్నాయి. సూదమ్మ మళ్ళీ వచ్చింది. బొంతయ్య ఈసారి తేనెపట్టు కింద నిలబడి, ఎలా ఎక్కాలా అని ఆలోచిస్తున్నాడు.

"అల్లుడూ, నరికావా?"

"లేదత్తా."

"పోనీ, ఇప్పుడైనా నరుకు. నరికి, మొద్దులను నిలువునా చీల్చు. బెరడు లోపల చెమ్మను పట్టి ఉంచుతుంది. చీలిస్తేనే అది బయటికి వస్తుంది. కింద రాళ్ళు పెట్టి, నేలకు తగలకుండా పేర్చు. ఒకదానికీ ఒకదానికీ మధ్య సందు వదులు, గాలి ఆడుతుంది. ఈ ఎండకు నెల రోజుల్లో సగం బరువు తగ్గుతాయి."

"అత్తా, నువ్వు చిన్న ప్రాణివి. ఒక మొద్దు కొట్టడానికి నీకు రెండు రోజులు పడుతుంది. అందుకే ముందునుంచీ మొదలుపెట్టావు. నాకెందుకు చెప్పు, అంత తొందర?"

"కొట్టడం సంగతి కాదు నాయనా నేను చెప్పేది. ఎండటం సంగతి."

ఆ ముక్క బొంతయ్యకు వినిపించలేదు. అప్పటికే సగం చెట్టు ఎక్కేశాడు. పైనుంచి తేనెటీగల రొద, "అమ్మో! అయ్యో!" అనే కేక ఒక్కసారే వినిపించాయి.

మూడోసారి సూదమ్మ వచ్చేసరికి ఆకాశంలో నల్లమబ్బులు పట్టాయి. చీమలు గుడ్లు నోట పట్టుకుని గట్టు మీదికి పోతున్నాయి. బొంతయ్య మడుగులో మెడదాకా మునిగి ఉన్నాడు.

"అల్లుడూ, వాన వచ్చేస్తోంది! ఇప్పటికైనా..."

"వానలు వెలిశాక చూద్దాం అత్తా!" అని బొంతయ్య బుడుంగుమని నీళ్ళలో మునిగాడు.

వాన మొదలైంది. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, మూడు నెలలు కురిసింది. అడవి అంతా నీళ్ళు తాగి పచ్చగా ఉబ్బింది.

కార్తీకమాసంలో వాన వెలిసింది. ఉదయం పూట సన్నగా చలి మొదలైంది. బొంతయ్య గొడ్డలి భుజాన వేసుకుని బయలుదేరాడు. వానకి వాగు ఒడ్డు కోసుకుపోయి పడిన చెట్లు బోలెడున్నాయి. వాటి కొమ్మలకు ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. బొంతయ్యకు అదేం పట్టలేదు. ధన్! ధన్! ధన్! కొండలన్నీ మారుమోగేలా నరికాడు. ఒక్కో దెబ్బకు నీళ్ళు చిమ్మాయి. ఒక్కో మొద్దును భుజాన వేసుకుని పరుగులాంటి నడకతో గుహ దగ్గరికి చేర్చాడు.

చెప్పినట్టే రెండు రోజుల్లో పని ముగిసింది. గుహ ముందు గుట్ట లేచింది. ఎంత పెద్ద గుట్ట అంటే, కోతిపిల్లలు దాని మీదికి ఎక్కి జారుడుబండ ఆట మొదలుపెట్టారు!

"ఆహా! ఓహో! ఇలాంటి గుట్ట మనం ఎప్పుడూ చూడలేదు!" అన్నాయి కోతులు.

బొంతయ్య నడుం మీద చేతులు పెట్టుకుని అటూ ఇటూ తిరిగాడు.

అప్పుడు వడ్రంగిపిట్ట ఉలికమ్మ ఎగురుకుంటూ వచ్చి ఒక మొద్దు మీద వాలింది. పుట్టినప్పటినుంచీ చెట్లను పొడవడమే ఉలికమ్మ పని. ఏ మాను లోపల ఏముందో చప్పుడును బట్టి చెప్పేస్తుంది. అది ముక్కుతో మొద్దును కొట్టింది. 'దబ్' అంది. ఇంకో మొద్దును కొట్టింది. అదీ 'దబ్' అంది.

"బొంతయ్యన్నా, ఇవన్నీ పచ్చివి. తడిసిన గుమ్మడికాయలా మోగుతున్నాయి. ఎండిన కట్టె అయితే 'ఠంగ్' మనాలి."

"నేను కట్టెలు తెచ్చాను గానీ తబలా తేలేదు. పో, పో!" అన్నాడు బొంతయ్య. కోతులు పకపకా నవ్వాయి. ఉలికమ్మ చిన్నబుచ్చుకుని ఎగిరిపోయింది.

సూదమ్మ గుట్ట చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"అయిందేదో అయింది అల్లుడూ. పుష్యం రావడానికి ఇంకా కొన్నాళ్ళుంది. కార్తీకపు ఎండ పలచనే అయినా ఎంతో కొంత ఆరుతాయి. వీటన్నిటినీ చీల్చి, ఆ బండ మీద పలచగా పేర్చు. పైన మాత్రం వెడల్పాటి అడ్డాకులు కప్పు. నేనూ చెయ్యి వేస్తాను, రా."

బొంతయ్య గుట్ట వైపు చూశాడు. ఒక్క క్షణం ఆలోచించాడు కూడా. అత్త మాటలో నిజం ఉన్నట్టే అనిపించింది. కానీ మొద్దులన్నీ చీల్చి బండ మీద పరిస్తే గుట్ట ఏమవుతుంది? ఏమీ మిగలదు! రేపు లేళ్ళ గుంపు చూడ్డానికి వస్తానంది. వాళ్ళకేం చూపించాలి?

"వద్దులే అత్తా. గుట్ట అందంగా ఉంది. అలాగే ఉండనీ," అన్నాడు.

పుష్యమాసం వచ్చింది. ఆ ఏడు చలి ఎన్నడూ లేనంతగా దిగింది. ఒకనాటి పొద్దున్నే అందరూ గుహకు బయలుదేరారు. లేడి వీపు మీద తాబేలు తాత డిప్పయ్య వచ్చాడు. చలికి బిగుసుకుపోయి, తల కూడా బయట పెట్టడం లేదు. కుందేలు జాజి మూడు రోజుల బాలింత. ముగ్గురు పిల్లలను గడ్డిబుట్టలో పెట్టుకుని వచ్చింది. ఒక్కో పిల్ల ఉసిరికాయంత ఉంది. సూదమ్మ, ఉలికమ్మ, కోతులు అందరూ వచ్చారు.

బొంతయ్య నాలుగు పెద్ద మొద్దులు తెచ్చి నెగడు పేర్చాడు. కింద ఎండుటాకులు వేసి నిప్పు పెట్టాడు. ఆకులు భగ్గుమని మండాయి.

"ఆహా!" అన్నాయి కోతులు చేతులు చాపుతూ.

ఆకులు మండిపోయాయి. మొద్దులు మండలేదు. 'చుయ్... చుయ్...' అని చప్పుడు చేశాయి. వాటి చివర్లనుంచి తెల్లటి నురగ వచ్చింది. తర్వాత పొగ మొదలైంది. మొదట సన్నగా, తర్వాత లావుగా, ఆ తర్వాత గుహంతా!

"ఖళ్! ఖళ్! ఖళ్!" అన్నాయి కోతులు.

"గాలి అడ్డంగా వీస్తోంది. అందుకే ఇలా!" అన్నాడు బొంతయ్య కళ్ళు నులుముకుంటూ.

"గాలే లేదుగా నాయనా, ఆకు కూడా కదలడం లేదు," అంది సూదమ్మ.

"అయితే నేల చల్లగా ఉంది. అందుకే!"

"నిరుడు కూడా ఇదే నేల కదన్నా?" అంది ఉలికమ్మ.

బొంతయ్య చెంపలు ఉబ్బించి ఊదాడు. బూడిద లేచి కోతుల మొహాల మీద పడింది. ఇంకా నాలుగు మొద్దులు వేశాడు. పొగ ఇంకా పెరిగింది. చివరికి బయటికి పరిగెత్తి దోసెడు గుగ్గిలం తెచ్చి నెగడులో పోశాడు. భుగ్గుమని పెద్ద మంట లేచింది! బొంతయ్య ముక్కు మీది జుట్టు చురచురా కాలింది. మరుక్షణం ఆ మంట కూడా ఆరిపోయింది. కమురు వాసన మాత్రం మిగిలింది.

కోతులు దగ్గుతూనే నవ్వాయి. నవ్వుతూనే దగ్గాయి. అంతలో గుహ మూలనుంచి జాజి గొంతు వినిపించింది.

"అన్నా, నా పిల్లలు పాలు తాగడం లేదు. ముట్టుకుంటే చల్లగా ఉన్నారు."

గుహలో నవ్వులు ఆగిపోయాయి.

బొంతయ్య చుట్టూ చూశాడు. పొగలో ఎవరి మొహమూ సరిగా కనిపించడం లేదు. తన మొహం కూడా ఎవరికీ కనిపించడం లేదు. గుహ వాకిలి నాలుగు అడుగుల దూరంలో ఉంది. మెల్లగా బయటికి నడిచి, కొండ దాటి, మొహం చూపించకుండా ఎటైనా వెళ్ళిపోతే? ఎవరూ ఆపరు. అతను వాకిలి దాకా నడిచాడు కూడా.

బయట మంచు కురుస్తోంది. తను పోసిన గుట్ట ఎదురుగా కనిపించింది. గుహకన్నా ఎత్తుగా ఉంది. అందంగానే ఉంది. కానీ ఒక్క పసిపిల్లకు కూడా వెచ్చదనం ఇవ్వలేకపోయింది.

బొంతయ్య వెనక్కి తిరిగాడు.

"అందరూ నా మాట వినండి," అన్నాడు. "గాలిదీ తప్పు కాదు, నేలదీ తప్పు కాదు. తప్పు నాది. ఇవి పచ్చికట్టెలు. సూదమ్మత్త నాలుగుసార్లు చెప్పింది. ఉలికమ్మ కూడా చెప్పింది. నాకు బలం ఉంది కదా అనుకున్నాను. ఇప్పుడు ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు. మీరే చెప్పండి."

అప్పుడు డిప్పయ్య తాత డిప్పలోంచి తల కొంచెం బయట పెట్టాడు.

"చెప్పుకోవలసింది తర్వాత చెప్పుకుందాం. ముందు ఆ మొద్దులు బయటికి లాగి, పొగ పోనివ్వు. తర్వాత నువ్వు ఇక్కడ పడుకో."

"పడుకోవాలా తాతా?"

"నీ ఒంటిమీద అంత జుట్టు ఉందిగా! పసిపిల్లలను అందులో పెట్టుకో."

బొంతయ్య గబగబా మొద్దులు బయటికి ఈడ్చాడు. పొగ మెల్లగా పోయింది. అతను వెల్లకిలా పడుకున్నాడు. జాజి ముగ్గురు పిల్లలనూ తెచ్చి అతని పొట్ట మీది జుట్టులో దూర్చింది. బొంతయ్య రెండు చేతులూ వాళ్ళ మీద గొడుగులా పెట్టాడు. ఊపిరి గట్టిగా తీస్తే పిల్లలు జారిపోతారేమో అని భయంభయంగా ఊపిరి తీశాడు.

ఈలోగా సూదమ్మ తన బొరియకు వెళ్ళి వచ్చింది. నిరుడు మిగిలిన కట్టెలు ఆమె దగ్గర రెండు మోపులు ఉన్నాయి. చేతిలోకి తీసుకుంటే బెండులా తేలికగా ఉన్నాయి. చివర్లలో నెర్రెలు విచ్చాయి. బెరడు ఎప్పుడో ఊడిపోయింది. వాటిని నెగడులో పేర్చి నిప్పు పెట్టగానే చిటపటమని అంటుకున్నాయి. పొగ లేదు. ఎర్రటి, పచ్చటి మంట నిలకడగా లేచింది. గుహ గోడలు వెచ్చబడ్డాయి.

కొంతసేపటికి బొంతయ్య పొట్ట మీద ఏదో కదిలింది. ఒక పిల్ల తల బయట పెట్టి 'కీచ్' మంది. తర్వాత రెండోది. మూడోది మాత్రం ఆలస్యం చేసింది. అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. చివరికి మూడోది కూడా బయటికి వచ్చి, నేరుగా బొంతయ్య చెవిలోకి దూరబోయింది!

"చక్కిలిగిలి! అయ్యో, చక్కిలిగిలి!" అని బొంతయ్య మెలికలు తిరిగాడు. గుహంతా నవ్వింది. జాజి కళ్ళు తుడుచుకుని పిల్లలకు పాలిచ్చింది.

"సరే, ఇవాళ్టికి, రేపటికి ఈ మోపులు వస్తాయి," అంది సూదమ్మ. "ఎల్లుండి సంగతేమిటి?"

మర్నాడు పొద్దున బొంతయ్య ఉలికమ్మ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఉలికమ్మా, ఆ రోజు నిన్ను తరిమాను. మన్నించు. ఇప్పుడు నీ ముక్కు సాయం కావాలి. ఈ తడి అడవిలో ఎండిన కట్టె ఎక్కడైనా దొరుకుతుందా?"

"తబలా వాయించమంటావా అన్నా?" అంది ఉలికమ్మ.

బొంతయ్య తల దించుకున్నాడు. ఉలికమ్మకు జాలి వేసింది.

"ఊరికే అన్నాలే. నేల మీద పడినవి వద్దు, అవన్నీ తడిసినవే. నిలువునా ఎండిపోయిన చెట్లు కొన్ని ఉంటాయి. ఎప్పుడో చచ్చిపోయి, బెరడు రాలిపోయి, అలాగే నిలబడి ఉంటాయి. గాలీ ఎండా ఏళ్ళ తరబడి వాటిని ఆరబెట్టి ఉంటాయి. పైనుంచి వాన పడినా లోపల పొడిగానే ఉంటుంది. పద, వెతుకుదాం. కానీ అవి కొండ శిఖరం మీద ఉంటాయి. చాలా దూరం."

"దూరమైతే ఏం? నడుస్తాను."

ఇద్దరూ బయలుదేరారు. శిఖరం చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. మొదటి చెట్టును ఉలికమ్మ కొట్టి చూసింది. 'దబ్' అంది. బొంతయ్య ముందుకు నడిచాడు. రెండో చెట్టు పెద్దది. ఉలికమ్మ కొట్టగానే తొర్రలోంచి గుడ్లగూబ ఒకటి తల బయట పెట్టింది.

"ఎవరది? పగలు పడుకోనివ్వరా? ఇది నా ఇల్లు!"

"తప్పయింది పెద్దమ్మా, పడుకో, పడుకో!" అని ఇద్దరూ గుసగుసగా చెప్పి, మునివేళ్ళ మీద నడిచి వచ్చేశారు.

మూడో చెట్టు బోడిగా, తెల్లగా ఎముకలా నిలబడి ఉంది. ఉలికమ్మ కొట్టింది.

'ఠంగ్!'

బొంతయ్య మొహం వెలిగిపోయింది. ఆ చప్పుడు తన చెవులకు కూడా తెలిసింది. తొర్రల్లో ఎవరూ లేరని ఉలికమ్మ చుట్టూ తిరిగి చూసి చెప్పాక, గొడ్డలి ఎత్తాడు. కొట్టి, ముక్కలు చేసి, మోపు కట్టి, వీపుకు ఎత్తుకుని కొండ దిగాడు. దారి జారుడుగా ఉంది. రెండుసార్లు పడ్డాడు. మోకాలు కొట్టుకుపోయింది. మోపు మాత్రం వదల్లేదు.

ఆ నెలంతా ఇదే పని. తెల్లారగానే బొంతయ్య, ఉలికమ్మ శిఖరానికి వెళ్ళేవారు. సాయంత్రానికి ఒక మోపు దిగేది. ఆ మోపు ఒక రోజుకు సరిపోయేది, అంతే. కోతులు కూడా ఊరుకోలేదు. చెట్ల పైన వేలాడే ఎండుకొమ్మలు విరిచి కిందికి వేశాయి. రాత్రికి బొంతయ్య నడుం పట్టేసేది. సూదమ్మ ఏదో ఆకు నూరి పట్టు వేసేది. కుందేలు పిల్లలు ముగ్గురూ ఆ పట్టు మీదే ఎక్కి పడుకునేవారు.

నెగడు మాత్రం ఆరలేదు.

చలి తగ్గింది. గుహ ముందు మళ్ళీ సభ జరిగింది.

"వచ్చే ఏడు కట్టెల వంతు ఎవరు తీసుకుంటారర్రా?" అని డిప్పయ్య తాత అడిగాడు.

బొంతయ్య నెమ్మదిగా లేచాడు. ఈసారి ఛాతీ విరుచుకోలేదు.

"మీకు నమ్మకం ఉంటే మళ్ళీ నాకే ఇవ్వండి తాతా. నేను ఈ ఏడు వంతు చెయ్యలేదు, తప్పు దిద్దుకున్నానంతే. వంతు ఇంకా బాకీ ఉంది."

కోతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాయి. డిప్పయ్య తాత సూదమ్మ వైపు చూశాడు.

"ఇవ్వండి," అంది సూదమ్మ. "ఒకసారి పొగ మింగినవాడు నిప్పు సంగతి మర్చిపోడు."

మర్నాడే బొంతయ్య పని మొదలుపెట్టాడు. గుహ ముందు అలాగే పడి ఉన్న ఆ పెద్ద గుట్టను విప్పాడు. ఒక్కో మొద్దునూ నిలువునా చీల్చాడు. బండ మీద రాళ్ళు పెట్టి, వాటిపైన అడ్డకర్రలు వేసి, చీల్చిన ముక్కలను, అంటే పేళ్ళను, పలచగా పేర్చాడు. మధ్యమధ్య గాలి ఆడేలా సందులు వదిలాడు. పది రోజులయ్యేసరికి గుట్ట మాయమైపోయింది. బండ పొడుగునా పొట్టిపొట్టి వరుసలు నిలబడ్డాయి. చూడ్డానికి ఏ లేళ్ళ గుంపూ రాలేదు. బొంతయ్యకు అది గుర్తుకు కూడా రాలేదు.

కానీ పని ముగిశాక అతనికి ఒక కొత్త కష్టం వచ్చింది. ఏమీ తోచదు! పొద్దున్నే లేచి ఒక పేడు ఎత్తి చూసేవాడు. "అత్తా, ఎండిందా?" అని అడిగేవాడు. "లేదు," అనేది సూదమ్మ. మధ్యాహ్నం ఇంకో పేడు ఎత్తి చూసేవాడు. "ఇప్పుడు ఎండిందా?" "పొద్దున్నేగా అడిగావు!" సాయంత్రం వరుసల ముందు కూర్చుని వాటివంక గుర్రుగా చూసేవాడు. కట్టెలు భయపడి తొందరగా ఎండుతాయేమో అని.

ఇలా కొన్నాళ్ళు గడిచాయి. వైశాఖపు ఎండ కాస్తోంది. ఒక మధ్యాహ్నం సూదమ్మ దోసెడు తునికిపళ్ళు పట్టుకుని వచ్చింది. బొంతయ్య వరుసల చుట్టూ అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఎందుకురా అల్లుడూ, అలా ఒకటే తిరుగుతావు?"

"ఏదో ఒకటి చెయ్యాలి కదత్తా! నరికాను. చీల్చాను. పేర్చాను. ఇప్పుడు ఏం చెయ్యను?"

"ఏం చెయ్యక్కర్లేదు. నీ పని నువ్వు చేశావు. వానకు ముందు పైన ఆకులు కప్పుదువుగాని. అప్పటిదాకా ఎండ తన పని చేస్తుంది, గాలి తన పని చేస్తుంది."

"అయితే నేను?"

"ఈ పళ్ళు తిని, ఆ నీడలో పడుకో."

బొంతయ్య ఆమెను నమ్మలేనట్టు చూశాడు. పళ్ళు తిన్నాడు. చెట్టు నీడలో నడుం వాల్చాడు. కాసేపటికి గురక మొదలైంది. బండ మీద వేడిగాలి సందుల్లోంచి సన్నగా ఈల వేస్తూ పోతోంది. ఎక్కడో ఒక పేడు 'టక్' మని చిన్నగా నెర్రె విచ్చింది.

బొంతయ్య నిద్రపోతున్నాడు. పని జరుగుతూనే ఉంది.

నీతి: ఎంత బలం ఉన్నా కాలం చేసే పనిని మనం చెయ్యలేం. వేళకు మొదలుపెట్టినవాడికి కాలమే తోడు నిలిచి పని పూర్తి చేస్తుంది.